బెల్స్ టూ హార్టెడ్ ఐపీఏ: ఒక్క హాప్‌తో నెగ్గుకొచ్చిన బీరు

అమెరికన్ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదెక్కువ బీరు) చేసేవాళ్లు మామూలుగా మూడు నాలుగు రకాల హాప్స్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే తీగ పువ్వులు, కలుపుతారు. ఒకటి చేదుకి, ఒకటి వాసనకి, ఇంకొకటి ఆ రెండింటి మధ్య సందు పూడ్చడానికి. మిచిగన్ రాష్ట్రంలోని బెల్స్ బ్రూవరీ చేసే టూ హార్టెడ్‌లో మాత్రం మొదటి నుంచి చివరిదాకా వేసేది సెంటెనియల్ ఒక్కటే. చేదు దానిదే, వాసన దానిదే, మింగాక గొంతులో మిగిలేదీ దానిదే. ఇలా ఒక్క హాప్‌నే నమ్ముకుంటే పొరపాటును కప్పిపుచ్చే దారి ఉండదు. హాప్ పంట ఆ ఏడాది నాసిగా ఉన్నా, ఈస్ట్ సరిగా పని చేయకపోయినా గ్లాసులో ఇట్టే తెలిసిపోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. తాజా డబ్బాకి 50కి 43. అదే బీరు వెచ్చటి అరలో నెలల తరబడి పడి ఉంటే 30 దాటించడం కష్టం. ఈ పదమూడు మార్కుల్లో తయారుచేసినవాళ్ల తప్పు దాదాపు ఏమీ ఉండదు. అందుకే ఈ బీరు మంచిదా చెడ్డదా అని తేల్చే ముందు చేతిలో ఉన్న డబ్బా ఏ స్థితిలో ఉందో తేల్చుకోవాలి.

బ్రూవరీ గురించి నాలుగు మాటలు. లారీ బెల్ 1983లో కలమజూ ఊళ్లో, ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకి కావలసిన సరంజామా అమ్మే దుకాణం పెట్టారు. 1985లో సొంత బీరు అమ్మడం మొదలైంది. టూ హార్టెడ్ అనేది మిచిగన్ ఉత్తర భాగంలో పారే ఒక నది పేరు, డబ్బా మీదున్న ట్రౌట్ చేపకీ మూలం అదే. అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్ వాళ్ల జైమర్జీ పత్రిక ఏటా పాఠకుల ఓట్లతో దేశంలో ఉత్తమ బీరును ఎంచేది. అందులో ఎనిమిదేళ్లు వరసగా మొదటి స్థానంలో ఉన్న ప్లైనీ ది ఎల్డర్ అనే బీరుని 2017లో కిందికి దించింది ఇదే. బెల్ 2021లో సంస్థను జపాన్ బీరు కంపెనీ కిరిన్ కింద ఉన్న లయన్ అనే సంస్థకి అమ్మేసి తప్పుకున్నారు. క్రాఫ్ట్ (చిన్న, స్వతంత్ర) బ్రూవరీ అనిపించుకోవాలంటే బయటి మద్యం కంపెనీ వాటా 25 శాతం లోపే ఉండాలని అమెరికా బ్రూయర్స్ అసోసియేషన్ నియమం. ఆ లెక్కన కాగితం మీద బెల్స్ ఇప్పుడు క్రాఫ్ట్ కాదు. ఈ విషయం పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకుని కొనాలి. మార్కులు వేసేది మాత్రం గ్లాసులో ఉన్నదానికే.

ఇక డబ్బా దగ్గరికి వద్దాం. మొదట చూడాల్సింది ప్యాక్ చేసిన తేదీ. ఐపీఏకి అన్నిటికన్నా విలువైన హాప్ వాసనే అన్నిటికన్నా ముందు పోతుంది. ఆరు వారాల లోపు డబ్బా అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మూడు నెలల దాకా, చల్లగా ఉంచి ఉంటే పరవాలేదు. అది దాటితే చేదు ఉంటుంది కానీ పరిమళం సగమే ఉంటుంది. తేదీతో పాటు ఎక్కడ పెట్టారన్నదీ చూడాలి. బీరు వ్యాపారంలో 3-30-300 అనే లెక్క ఒకటుంది. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ వేడిలో 3 రోజులుంచితే బీరు ఎంత పాడవుతుందో, 22 డిగ్రీల దగ్గర 30 రోజులకి, 3 డిగ్రీల దగ్గర 300 రోజులకి అంతే పాడవుతుందని. ఇది ఉజ్జాయింపు సూత్రమే, ప్రయోగశాల కొలత కాదు. అయినా కొనేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే లెక్క ఇంకోటి లేదు. ఫ్రిజ్‌లో రెండు నెలలున్న డబ్బా, ఎండ పడే అద్దాల బీరువాలో రెండు వారాలున్న డబ్బా పక్కపక్కన ఉంటే మొదటిదే తీసుకోండి.

సీసా, డబ్బా రెండూ దొరికితే డబ్బాకే నా ఓటు. కారణం వెలుతురు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు ఉడికినప్పుడు ఐసో-ఆల్ఫా ఆమ్లాలుగా మారతాయి, బీరు చేదు చాలావరకు వాటిదే. వెలుతురు తగిలితే బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) సాయంతో ఇవి విరిగి, గంధకం ఉన్న ఒక పదార్థం పుడుతుంది. అది ఎంత ఘాటైనదంటే లీటరు బీరులో గ్రాములో వంద కోట్లవ వంతులు కొన్ని ఉన్నా ముక్కు పసిగడుతుంది. అమెరికన్లు దాన్ని స్కంక్ వాసన అంటారు, మన ముక్కుకి కాలిన రబ్బరూ కుళ్లిన వెల్లుల్లీ కలిసినట్టు ఉంటుంది. గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. పైగా సీసా మూత లోపలి పొర హాప్ నూనెల్ని కొంత పీల్చుకుంటుంది, దాని గుండా గాలి కూడా కొద్దికొద్దిగా లోపలికి జొరబడుతుంది.

గ్లాసు విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. కింద బొర్రగా, పైన కాస్త ముడుచుకుని ఉండే ట్యులిప్ గ్లాసు అయితే వాసన పోగుపడుతుంది. నిటారుగా ఉండే పింట్ గ్లాసులో అది గాలిలో కలిసిపోతుంది. ఏ గ్లాసైనా సబ్బు జిడ్డు ఉండకూడదు. పరీక్ష తేలిక: గ్లాసు తడిపి లోపల చిటికెడు ఉప్పు చల్లండి. అన్ని వైపులా సమానంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, మచ్చలు మచ్చలుగా జారిపోతే జిడ్డున్నట్టు. బీరు పోశాక గాజు గోడకి బుడగలు అతుక్కుని కూర్చున్నా అదే అర్థం. ఆ గ్లాసులో నురగ నిలవదు, నిలవని నురగకి బ్రూవరీ మార్కులు తగ్గించడం అన్యాయం.

ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు అసలు వాడొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని పది నిమిషాలు బయట పెట్టి, 7 నుంచి 10 డిగ్రీల మధ్య తాగాలి. 3 డిగ్రీల దగ్గర సెంటెనియల్ వాసన ముడుచుకుని పడుకుంటుంది, చేదు ఒక్కటే పదునుగా తగులుతుంది. ఈ బీరు "ఉత్త చేదు" అనేవాళ్లలో చాలామంది మరీ చల్లగా తాగినవాళ్లే. 355 మి.లీ. డబ్బాలో మూడో వంతు గ్లాసు వంచి పోసి, మిగతాది నిటారుగా పెట్టి మధ్యలోకి పోయండి. రెండు వేళ్ల మందాన నురగ లేవాలి. నురగ లేకుండా జాగ్రత్తగా పోస్తే గ్యాసంతా కడుపులోకి వెళ్తుంది, వాసన మాత్రం బయటికి రాదు.

పోయగానే చూపు కన్నా ముక్కుకే తొందర. తేలికైన వాసనలు మొదటి అర నిమిషంలోనే ఎగిరిపోతాయి. గ్లాసుని ఒకసారి గుండ్రంగా తిప్పి, ముక్కు అంచు దగ్గర పెట్టి రెండు మూడు పొట్టి శ్వాసలు తీసుకోవాలి. ఒక్క పెద్ద శ్వాస తీస్తే ముక్కు అలిసిపోతుంది. తాజా టూ హార్టెడ్‌లో మొట్టమొదట తగిలేది దబ్బకాయ తొక్కని గోటితో గిల్లినప్పుడు చిమ్మే నూనె వాసన. పండు రసం కాదు, తొక్కే. దాని వెనకాలే పైన్ చెట్టు బెరడు మీద కారిన జిగురు. మూడో శ్వాసకి, కాస్త ఆగి చూస్తే, పూల వాసన వస్తుంది. గులాబీకి దగ్గరగా ఉంటుందిగానీ అంత తియ్యగా ఉండదు. ఇది ఊహ కాదు. గులాబీకి వాసన ఇచ్చే జెరానియోల్ సెంటెనియల్‌లో బాగానే ఉంటుంది. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు దాన్ని కొంత నిమ్మ వాసన వైపు మార్చేస్తుంది కూడా. ఈ మూడింటి అడుగున రొట్టె పైపొర కాలిన వాసన సన్నగా ఉంటుంది, అది మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలది. మామిడి, ప్యాషన్ ఫ్రూట్ లాంటి వాసనలు వెతకొద్దు. అవి సిట్రా, మొజాయిక్ హాప్స్ పని. సెంటెనియల్ 1990లో విడుదలైంది, ఆ తరం హాప్స్ గుణం వేరు.

వాసనకి 12కి 10. రెండు మార్కులు ఎందుకు తగ్గాయంటే పరిధి ఇరుకు. మూడో గుక్క తర్వాత ముక్కుకి కొత్తగా దొరికేది ఏమీ ఉండదు. ఒక్క హాప్ ఎంచుకున్నందుకు కట్టాల్సిన మూల్యం ఇది.

చూడటానికి ముదురు బంగారు రంగు, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అంచుల్లో రాగి ఛాయ. పలచటి మసక ఉంటుంది, అది లోపం కాదు. నురగ తెల్లటి మీగడలా కట్టి, తాగే కొద్దీ గ్లాసు గోడ మీద వరసలుగా గుర్తులు వదులుతుంది. 3కి 3.

రుచిలోనే ఈ బీరు అసలు సత్తా. చిన్న గుక్క తీసుకుని నాలుక మీద రెండు సెకన్లు ఆపి, మింగుతూ ముక్కులోంచి గాలి వదలాలి. మొదటి క్షణం తీపి: కాల్చిన రొట్టె, పలచటి పాకం. ఆ తీపి స్థిరపడకముందే నారింజ తొక్క వస్తుంది. మింగాక మూడు నాలుగు సెకన్లకి చేదు నాలుక మొదట్లో లేచి, నిదానంగా పెరిగి, అర నిమిషం నిలిచి తగ్గుతుంది. చేదుని మొదటి గుక్కతో కొలవకండి. మూడో గుక్కకి గానీ నాలుక కుదురుకోదు. మధ్యమధ్యలో మంచినీళ్లు తాగాలి.

ఇక్కడ చేదుకీ వగరుకీ తేడా పట్టుకోవడం ముఖ్యం. తెలుగులో ఈ రెంటికీ విడి మాటలుండటం మనకి కలిసొచ్చింది. చేదు నాలుక మీద తెలిసే రుచి, వగరు బుగ్గల లోపల, చిగుళ్ల మీద ఆరిపోయినట్టు పట్టేస్తుంది. ఐపీఏలో చేదు ఉండి తీరాలి, వగరు మాత్రం తప్పు. మాల్టు పొట్టుని మరీ వేడి నీళ్లతో, సుమారు 77 డిగ్రీలు దాటించి కడిగినా, పులిసిన బీరులో హాప్స్‌ని ఎక్కువ రోజులు నానబెట్టినా పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు బీరులోకి దిగి వగరు వస్తుంది. టూ హార్టెడ్‌లో వగరు లేదు. ఇంత హాప్ వేసి ఇంత నున్నగా ముగించడం తేలిక పని కాదు, నాకు ఈ బీరు మీద గౌరవం కలిగించింది ఆ ముగింపే.

చేదు ఎలా ముగుస్తుందన్నది నీటి మీద కూడా ఆధారపడుతుంది. ఇండియా పేల్ ఏల్ అన్న పేరుతో పాటు ఒక కథ వినపడుతుంది, ఓడ ప్రయాణం తట్టుకోవడానికే దీన్ని కనిపెట్టారని. అది సగమే నిజం. పోర్టర్ అనే నల్లటి బీరు కూడా అదే ఓడల్లో ఇండియాకి బాగానే చేరింది. లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ బీరుకి ఇండియాలో ఉన్న గిరాకీ చూసి, 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి బ్రూవరీలు అదే రకం చేయడం మొదలుపెట్టాయి. బర్టన్ నీళ్లలో జిప్సం (కాల్షియం సల్ఫేటు) ఎక్కువ. ఆ సల్ఫేటు వల్ల చేదు పొడిగా, కోసినట్టు తేలింది, పేరంతా వాళ్లకే వచ్చింది. టూ హార్టెడ్ చేదు అంత పొడిగా ఉండదు, మాల్టు దాన్ని గుండ్రం చేస్తుంది. కాలిఫోర్నియా తీరపు ఐపీఏల పొడి ముగింపు ఇష్టపడేవాళ్లకి ఇది కాస్త తీపిగా అనిపించొచ్చు. రుచికి 20కి 17. తగ్గిన మూడూ ఆ క్యారమెల్ తీపికే. 13 డిగ్రీలు దాటి వెచ్చబడితే అది ముందుకొచ్చి హాప్స్‌ని వెనక్కి నెడుతుంది. గ్లాసు ఇరవై నిమిషాల్లో ఖాళీ చేసేవాళ్లకి ఈ బాధ లేదు.

నోట్లో బరువు మధ్యస్తం. 7 శాతం ఆల్కహాలు ఉన్నట్టు మొదటి సగం గ్లాసులో తెలియదు, చివర్లో ఛాతీలో వెచ్చగా తెలుస్తుంది. తెలియకపోవడమే ఇక్కడ ప్రమాదం. 5 శాతం బీరు తాగే వేగంతో దీన్ని తాగకూడదు, తాగాక బండి తాళాలు ముట్టుకోకూడదు. 5కి 4. మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10కి 9. కలిపితే 43. ఈ మార్కుల చట్రం నా సొంతం కాదు, బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ (బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం) పద్ధతి. అందులో 38 నుంచి 44 దాకా ఎక్సలెంట్ కిందికి వస్తుంది. అదే బీజేసీపీ అమెరికన్ ఐపీఏకి పెట్టిన హద్దులు ఆల్కహాలు 5.5 నుంచి 7.5 శాతం, చేదు 40 నుంచి 70 ఐబీయూ (చేదుని కొలిచే ప్రమాణం). ఆ రకానికి ఉదాహరణగా వాళ్లు చూపించే బీర్లలో టూ హార్టెడ్ ఒకటి. కాబట్టి ఐపీఏ అంటే ఏమిటో నాలుకకి నేర్పుకోవాలంటే కొలబద్దగా పెట్టుకోదగ్గ బీరు.

పాతబడిన డబ్బా ఎలా ఉంటుందో తెలిస్తే మోసపోరు. మొదట దబ్బకాయ వాసన పోతుంది. తర్వాత పాకం తీపి తేనెలా, టాఫీలా చిక్కబడుతుంది. చేదు కూడా కొంత తగ్గి, మొద్దుబారి నాలుక మీద అలాగే కూర్చుంటుంది. చివరికి తడిసిన అట్టపెట్టె వాసన. రంగు కూడా ఒక ఛాయ ముదురుతుంది. ఇందులోని క్యారమెల్ మాల్టు వల్ల ఈ ముసలితనం లేత రంగు ఐపీఏల కన్నా త్వరగా బయటపడుతుంది. అనుమానంగా ఉంటే ఒక పరీక్ష చేయొచ్చు. ఒకే తేదీ ఉన్న రెండు డబ్బాలు కొని, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి గదిలో నెల రోజులు ఉంచండి. తర్వాత రెండూ ఒకే చల్లదనానికి తెచ్చి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత పోయించుకోండి. ఈ ఒక్క పరీక్షతో పాతదనం వాసన జన్మలో మరిచిపోరు.

మిగతా లోపాలు ఐపీఏలన్నింటికీ వర్తించేవే. వెన్న వాసనతో నాలుక మీద జారుడుగా ఉంటే డైఅసిటైల్ అనే పదార్థం మిగిలినట్టు. ఈస్ట్ తన పని పూర్తి చేయకముందే బీరుని చల్లార్చినా, పులిసిన తర్వాత వేసిన హాప్స్‌లోని ఎంజైములు మిగిలిన పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొట్టి పులియడం మళ్లీ మొదలైనా అది వస్తుంది. పచ్చి ఆపిల్ వాసన బీరు ఇంకా లేతగా ఉందని చెబుతుంది. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే కాచినప్పుడు సరిగా మరగలేదేమో చూడాలి. తాజా టూ హార్టెడ్ డబ్బాలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

పీపాలోంచి కొళాయి ద్వారా పోసే చోట వెన్న వాసనో పులుపో తగిలితే మాత్రం ముందు అనుమానించాల్సింది గొట్టాల్నే. వాటిని రెండు వారాలకోసారి కడగాలని బ్రూయర్స్ అసోసియేషన్ చెబుతుంది. కడగకపోతే లోపల బ్యాక్టీరియా గూడు కట్టి ఎంత మంచి బీరునైనా పాడుచేస్తుంది. అదే కొళాయిలో ముందు ఓ చిన్న గ్లాసు రుచి చూపించమని అడిగి, తేడాగా ఉంటే టూ హార్టెడ్ డబ్బా ఉందేమో అడగండి. పీపా ఎప్పుడు తెరిచారో అడిగితే చెప్పగలిగే చోటైతే కొళాయి బీరే మేలు. గ్యాస్ కొంచెం మెత్తగా ఉండి, పూల వాసన డబ్బాలో కన్నా ఒక మెట్టు పైకి తేలుతుంది.